నిర్మలప్రభా బర్దొలై – అస్సాము తల్లుల పాటలు

అస్సాము పల్లెలలో మశూచికమును ఆ పేరుతో పిలిచెడివారు కారు. బిడ్డ వంటిమీద పొక్కులు లేచినచో ఇంటివారు "ఆయి వచ్చినది" అనుకొనెడివారు. ఆయి యనగా తల్లి. తెలుగునాట "అమ్మవారు పోసినది" అనుటకును దీనికిని భేదము లేదు. తల్లి ఇంటికి వచ్చినప్పుడు ఆమెను కసరి పంపరాదు. ఆదరించి, ప్రసన్నురాలిని గావించి సాగనంపవలెను. కావున ఇరుగుపొరుగు స్త్రీలు ఆ యింట కూడి తల్లిని వేడుకొనుచు పాడెడివారు. ఆ పాటలకు ఆయినాము అని పేరు. నామ మనగా అస్సామీలో భగవన్నామ కీర్తన మాత్రమే కాదు. పాట యనికూడ వాడుక. బిహు పండుగ పాట బిహునాము, పెండ్లిపాట బియానాము.

భారతదేశమున మశూచికము 1975వ సంవత్సరముతో అంతరించెను. బంగ్లాదేశమునుండి వచ్చిన చివరి రోగి ఆ యేటి మే నెలలో కనబడినది కూడ అస్సాములోనే, నాటి కరీంగంజు రైలు స్టేషనులో. అటుపిమ్మట ఆ మహమ్మారి మరల తలయెత్తలేదు. ఇంతకంటె మేలు ఏమి కావలెను? అయినను ఒక సందేహము మిగులును. వ్యాధి పోయినచో, దానికొరకు పుట్టిన పాట ఏమగును? పాడవలసిన సందర్భమే లేనప్పుడు పాట నోటినుండి జారిపోవును. దానిని పాడిన ముసలమ్మ కన్నుమూసిననాడు అదియు ఆమెతోనే పోవును. చదువురాని స్త్రీల నోట నిలిచిన ఇట్టి పాటలను కవిత్వమని గుర్తించి, విశ్వవిద్యాలయమున వానికొక పీట వేసి కూర్చుండబెట్టినవారిలో ముఖ్యురాలు నిర్మలప్రభా బర్దొలై. ఆమె స్వయముగా కవయిత్రి. అస్సామీ భాషలో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందినది. జానపద విజ్ఞానమున పరిశోధకురాలు. ఈ రెండు పనులును ఆమెకు వేరువేరు కావు.

ఆమె కృషి విలువ తెలియుటకు ముందు అస్సామీ భాష పడిన పాట్లు కొంత తెలియవలెను. 1826లో యాండబో సంధితో అస్సాము ఇంగ్లీషు కంపెనీవారి వశమయ్యెను. పదేండ్లు తిరుగగానే, అనగా 1836లో, ఆ దేశపు కచేరీలలోను పాఠశాలలలోను వంగభాషను ప్రవేశపెట్టిరి. అస్సామీ స్వతంత్ర భాష కాదనియు, వంగభాషకు అది పల్లెటూరి రూపమనియు ఆనాటి అధికారుల తలంపు. నిజాము రాజ్యమున తెలుగు బిడ్డలు ఉర్దూలో చదువుకొనవలసివచ్చిన సంగతి యెరిగినవారికి ఈ బాధ యెట్టిదో వివరించి చెప్పనక్కరలేదు. అమెరికానుండి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు 1846 జనవరిలో శివసాగరమునుండి "ఒరునొదొయి", అనగా అరుణోదయము, అను పత్రికను అస్సామీలో ప్రకటింప మొదలిడిరి. వారు మతప్రచారమునకై వచ్చినవారే. కాని ప్రజల నోటనున్న భాషలో వ్రాయనిదే ప్రజల చెవి కెక్కదని గ్రహించిరి. ఆనందరామ్ ఢేకియాల్ ఫుకన్ 1855లో తన మాతృభాష స్వతంత్రతను స్థాపించుచు ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకము వ్రాసెను. ఎట్టకేలకు 1873లో అస్సామీ తన చోటునకు తిరిగి వచ్చెను.

నడుమ ముప్పదియేడు సంవత్సరములు గడచెను. అంతకాలము బడికి పోయిన మగబిడ్డలు పరభాషలో అక్షరములు దిద్దిరి. బడికి పోని ఆడుబిడ్డలకు ఆ చిక్కు లేకపోయెను. వారి నోటినుండి తల్లిభాషను లాగికొనుటకు ఏ కచేరీ తాఖీదును చాలలేదు. వారు మగ్గముముందు కూర్చుండి పాడిరి, ఊయెల నూచుచు పాడిరి, పెండ్లికూతురికి నీళ్ళు తెచ్చుచు పాడిరి. భాషను కాపాడిన ఖ్యాతిని పత్రికలకును పండితులకును ఇచ్చుట న్యాయమే. అయితే ఈ స్త్రీలకు రావలసిన భాగమును చరిత్రకారులు చాలకాలము లెక్కలో వ్రాయలేదు.

పైగా, భాష తిరిగి పీఠమెక్కిన పిదప చదువుకొన్న పెద్దలలో పలువురు ఆ పాటలను చూచి ముఖము చిట్లించిరి. బిహు పాటలలో పడుచువారి వలపులు దాపరికము లేకుండ వినబడును. అది మోటుతనమనియు, మర్యాద గలవారు వినదగినది కాదనియు పందొమ్మిదవ శతాబ్దపు విద్యావంతులు తలంచిరి. పూర్వము ఆహోం రాజులు శివసాగరము చెంత రంగఘర్ అను రెండంతస్తుల ఇటుక మండపముమీద కూర్చుండి బిహు వేడుకలను తిలకించిరన్న సంగతి వారు మరచిరి కాబోలు! జానపద వాఙ్మయము మరల గౌరవమునకు వచ్చుటకు కొంత కాలము పట్టెను. లక్ష్మీనాథ్ బెజ్‌బరువా 1911లో "బుఢీ ఆయిర్ సాధు" అను పేర అవ్వ చెప్పు కథలను కూర్చి ప్రకటించెను. నేటికిని అస్సామీ పిల్లలు చదువు మొదటి కథలు అవియే. బిహు మాత్రము పొలముగట్లను విడిచి గౌహతి పట్టణపు లతాసిల్ మైదానమున వేదిక నెక్కునప్పటికి 1952వ సంవత్సరము వచ్చెను.

నిర్మలప్రభ 1933 జూన్ 20వ తేదీన శివసాగరమున జన్మించెను. ఆ ఊరిపేరు పైన రెండుమార్లు వచ్చినది. అది యాదృచ్ఛికము కాదు. దిఖౌ నది యొడ్డున నున్న ఆ పట్టణము ఒకప్పుడు ఆహోం రాజుల రాజధాని ప్రాంతము. ఊరినడుమ నున్న పెద్ద చెరువును, దాని గట్టున శివాలయమును పదునెనిమిదవ శతాబ్దమున కట్టించినది ఒక రాణి, అంబికాదేవి. అస్సామీ పత్రిక పుట్టినది ఆ ఊరిలోనే. 1917లో అస్సాము సాహిత్య సభ మొదటిసారి కూడినదియు అక్కడనే. భాషాభిమానము గాలిలో కలిసియుండు ఊరని చెప్పవచ్చును.

అట్టి ఊరిలో పుట్టినను, ఆడుబిడ్డకు చదువు సుఖముగా దొరకలేదు. నిర్మలప్రభకు పసితనముననే వివాహమయ్యెను. ఆటలాడు ఈడున తల్లి యయ్యెను. ఆ కాలమున ఇట్టి బాలికల కథ సాధారణముగా అక్కడితో ముగియును; పలక మూలబడును, పొయ్యి ముందునకు వచ్చును. ఈమె విషయమున అట్లు కాలేదు. బిడ్డను పెంచుచునే చదువు సాగించెను. పట్టములు పొందెను. గౌహతి విశ్వవిద్యాలయమున అస్సామీ శాఖలో ఆచార్యపదవి వహించెను. చెప్పుటకు నాలుగు మాటలే గాని, ఆ నాలుగు మాటల నడుమ ఎన్ని రాత్రులు దీపము కాలినదో ఆ తరపు స్త్రీలకు తెలియును. ఆమె తన జీవితకథను "జీవన్ జీవన్ బర్ అనుపమ్" అను పేర వ్రాసికొనెను. జీవితము సాటిలేనిదని ఆ పేరునకు భావము. బాల్యమును పోగొట్టుకొన్న మనిషి తన కథకు పెట్టుకొన్న పేరు ఇది.

గౌహతి విశ్వవిద్యాలయము స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేట, 1948లో ఏర్పడెను. దేశమున జానపద విజ్ఞానమునకు ప్రత్యేకశాఖను తెరచిన మొదటి విశ్వవిద్యాలయములలో నది యొకటి. బిరించికుమార్ బరువా, ప్రఫుల్లదత్త గోస్వామి వంటి విద్వాంసులు అచ్చట ఆ శాస్త్రమునకు పునాదులు వేసిరి. పల్లెపాట పరిశోధనకు తగిన వస్తువే యని వారు లోకమును ఒప్పించిరి. నిర్మలప్రభ ఆ తోవలోనే నడచెను. కాని ఒక అడుగు పక్కకు వేసెను. తన గ్రంథములలో ఒకదానికి ఆమె "అసమర్ లోక కవిత" అని పేరు పెట్టెను. లోకగీతము అనలేదు, లోక కవిత అనెను. ఈ చిన్న మార్పులో ఆమె వాదమంతయు నిమిడియున్నది. పాట యన్నచో పండుగనాడు పాడి మరచునది యని లోకులు తలంతురు; కవిత యన్నచో మాట మాటను నిలిపి చూడవలెను. సంతకము లేనంతమాత్రమున, తాళపత్రముమీద లేనంతమాత్రమున కవిత్వము కాకపోదని ఆ పేరే చాటుచున్నది. "అసమర్ లోక సంస్కృతి" అను మరియొక గ్రంథమున ఆ దేశపు పండుగలు, ఆచారములు, నమ్మకములు వర్ణింపబడినవి.

ఆమె పనిచేసిన ఈ క్షేత్రము తెలుగు పాఠకులకు అంత దూరమైనది కాదు. అస్సాములో మూడు బిహులు కలవు. చైత్ర వైశాఖముల సంధిలో, మేష సంక్రాంతినాడు మొదలగునది రంగాలి బిహు. అది కొత్త సంవత్సరము, వలపుల పండుగ. ఆశ్వయుజ కార్తికముల నడుమ వచ్చునది కంగాలి బిహు. కంగాలి యనగా పేద. గాదెలు ఖాళీయై, చేలు ఇంకను పండని దినములు గనుక ఆనాడు విందులుండవు. తులసికోట యొద్దను వరిచేని గట్టుమీదను దీపము వెలిగించి ఊరకుందురు. సంపదలేని దినమునుకూడ పండుగగా లెక్కించిన ఆ సేద్యగాండ్ర నిజాయితీ మెచ్చదగినది. ఇక మాఘ బిహునకు భోగాలి యని పేరు. అది మకర సంక్రాంతి. ముందునాటి రేయి పొలములలో గడ్డితోను వెదురుతోను గుడిసెలు వేసి విందారగింతురు. తెల్లవారుజామున మేజి యను పేర్చిన కట్టెలకు నిప్పంటింతురు. భోగిమంట చుట్టు చలికాచుకొన్న తెలుగువారు ఆ వేకువ అచ్చటికి పోయినచో, ఇంటికి వచ్చినట్లే యుండును. భోగాలి, భోగి యను పేర్ల రెంటిలోను భోగము అను మాట వినబడుచున్నది.

వానలు కురియనప్పుడు తెలుగునాట పిల్లలు కప్పను రోకటికి కట్టి, వేపాకు చుట్టి, కప్పతల్లి పాట పాడుచు ఇంటింటికి తిరుగుదురు. గృహిణులు బిందెలతో నీళ్ళు కుమ్మరింతురు. అస్సాములో కప్పలకు ఏకముగా పెండ్లియే చేయుదురు. దానికి భెకులీ బియా యని పేరు. మగకప్పను ఆడకప్పను పట్టి తెచ్చి, స్నానము చేయించి, ముత్తైదువలు బియానాములు పాడగా, పురోహితుని సమక్షమున ముహూర్తము జరిపింతురు. బ్రహ్మపుత్ర వంటి మహానది పొంగి పొరలు దేశమున వానకొరకు వేడుకొనుట యేమని సందేహము కలుగవచ్చును. వరి నాటుకు నీరు కావలసినది ఆ వారముననే. తరువాత వచ్చు వరద నారును కొట్టుకొనిపోవునే గాని నాటు వేయదు. ఇట్టి సంగతులు పాటలలో దొరకును. రాజుల చరిత్రలలో దొరకవు.

పెండ్లిపాటలలోనే మరియొక తెగ జోరానాము. వియ్యపురాండ్రను, పెండ్లికొడుకు వెంటవచ్చినవారిని వెక్కిరించు పాటలవి. తెలుగు పెండ్లిండ్లలో వియ్యాలవారి పాటలు వినినవారికి వాని రుచి తెలియును. అయితే అదే పెండ్లిలో, అదే నోటితో, కూతురిని అత్తవారింటికి పంపునప్పుడు పాడు పాటలలో ఏడుపు తప్ప నవ్వుండదు. చిన్ననాడే అత్తవారింటికి సాగనంపబడు బాలిక గుండెలో ఏమి కదలునో ఈ పాటలలో ఉన్నది. నిర్మలప్రభవంటి పరిశోధకురాలికి అది పుస్తకములో చదివి తెలిసికొనవలసిన విషయము కాదు. చాలమంది పండితులు ఈ పాటలను పైనుండి చూచిరి. ఆమె లోపలినుండి చూచెను. ఆమె వ్రాతలకు బలము అక్కడ కలదు.

వీనితోపాటు ఊయెలపాటలు కలవు. డాకుడను జ్ఞానికి ఆరోపింపబడు సేద్యపు సామెతలు కలవు. ఏ కార్తె కేమి విత్తవలెనో, ఇల్లు ఏ దిక్కున కట్టవలెనో, ఎట్టి ఎద్దును కొనవలెనో డాకుని మాటలు చెప్పును. ఇదంతయు వ్రాతకెక్కని గ్రంథాలయము. అందు బీరువా లేదు, పట్టిక లేదు. ఇచ్చిన పుస్తకము తిరిగి రాకపోవునను భయముకూడ లేదు. ఉన్న భయ మొక్కటే. గ్రంథాలయమే ఒకనాడు కన్నుమూయవచ్చును.

పాటలు సేకరించువారికి ఒక ప్రమాదము కలదు. సేకర్త కవియైనచో ఆ ప్రమాదము మరింత హెచ్చు. పల్లెపాటను వ్రాసికొనునప్పుడు మొరటుగా తోచిన మాటను చక్కదిద్దవలెనని చేయి దురద పెట్టును. అట్లు దిద్దబడి చెడిన పాటలు ప్రతి భాషలోను కలవు. తెలుగు ఇందునకు మినహాయింపు కాదు. రెండవ ప్రమాదము దీనికి ఎదురైనది. పల్లెపాటల బాణీని అరువు తెచ్చుకొని తన పద్యమునకు తొడిగి, అది జానపదమని నమ్మించుట. నిర్మలప్రభ ఈ రెంటిని వేరువేరుగా నుంచెను. సేకరణ సేకరణయే, కవిత కవితయే. ఆమె కవితలు ఛందోబంధములు విడిచిన ఆధునిక వచన కవితలు. పైకి చూచినచో వానికిని బిహు పాటకును పోలిక లేదు.

లోపల మాత్రము పోలిక కలదు. బిహునాము మిక్కిలి చిన్నది. రెండు మూడు పాదములలో ముగియును. మొదటి పాదమున ఒక పువ్వో, ఒక పక్షియో, ఏటి నీరో కనబడును. రెండవ పాదమున పాడువాని మనసు కనబడును. ఈ రెంటికి సంబంధ మేమని పాట చెప్పదు. వినువాడు తానే కలుపుకొనవలెను. డోలు మ్రోతయు, గేదెకొమ్ముతో చేసిన పెపా నాదమును ఆ ఎడమును నింపును. నిర్మలప్రభ కవితలు కూడ క్లుప్తములు. నేల, వరిచేను, వాన, ఋతువు మొదట కంటి కెదురగును. దాని వెనుక ఒక ఒంటరి హృదయము, ఒక తల్లి, గతించినవారి జ్ఞాపకము మెల్లగా తెలియవచ్చును. ఉపన్యాసము లేదు. చెప్పకుండ విడిచిన మాటకు బరువుండునని ఆమె ఎక్కడ నేర్చినదో ఊహించుట కష్టము కాదు. ఆమె సంపుటములలో "బన్ ఫరింగర్ రంగ్", అనగా అడవి మిడుత రంగు, ఒకటి. "అంతరంగ" మరియొకటి. "సుదీర్ఘ దిన్ ఆరు ఋతు", అనగా సుదీర్ఘ దినమును ఋతువును, అను సంపుటమునకు 1983లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. మిడుతకు రంగు కలదని చూచు కన్ను పల్లెయందు పెరిగిన కన్ను. పట్టణపు కవులు సాధారణముగా సీతాకోకచిలుకతో ఆగిపోవుదురు.

ఆమె పాటలు కూడ వ్రాసెను. గౌహతిలో ఆకాశవాణి కేంద్రము 1948 జూలైలో నెలకొల్పబడెను. అది వచ్చిన పిదప అస్సామీ లలితగీతమునకు మంచికాలము వచ్చెను. గీత రచయిత్రిగా నిర్మలప్రభ పేరు పుస్తకములు చదువనివారికిని పరిచితమయ్యెను. పిల్లలకొరకు పద్యములు, కథలు వ్రాసెను. అన్ని విధముల రచనలు కలిపి ఆమె గ్రంథములు ఏబదికి పైబడినవి. వానిలో అన్నియు ఒకే స్థాయివి యనుట అతిశయోక్తియే యగును. అంత విరివిగా వ్రాసిన ఎవరి విషయమునను అట్లు చెప్పరాదు. కాని ఆమె ఘనత నిలుచుటకు కవితా సంపుటములు నాలుగైదును, జానపద గ్రంథములు మూడు నాలుగును చాలును.

ఆ గ్రంథములలో "దేవి" యనునది ప్రత్యేకముగా పేర్కొనదగినది. గౌహతి పట్టణము చెంత నీలాచలముమీద కామాఖ్యాదేవి ఆలయము కలదు. దేశమునలుమూలలనుండి శాక్తులు అచ్చటికి పోవుదురు. ఆ గుడిలో విగ్రహము లేదు. ఊటనీటితో నిత్యము తడిసియుండు శిలయే దేవి. నేడున్న ఆలయమును 1565లో కోచ రాజు నరనారాయణుడు పునరుద్ధరించెను. కాని ఆ కొండమీది పూజ అంతకంటె చాల ప్రాచీనము. దాని మూలము కొండజాతుల మాతృదేవతారాధనలో కలదని బాణీకాంత కాకతి అను మహా పండితుడు 1948లో ఇంగ్లీషున వ్రాసిన గ్రంథమున నిరూపింప యత్నించెను. తూర్పున సదియా చెంత తామ్రేశ్వరి యను దేవత యుండెను. ఆమెకు కేసాయిఖాతి, అనగా పచ్చిమాంసము తినునది, అను పేరును కలదు. ఆమెకు పూజారులు కొండజాతివారే. ఒకచో ఆయి యను పేర బిడ్డ నొసటిపై చల్లగా చేయి వేయునది, మరియొకచో బలి కోరునది. శాస్త్రములలో శక్తి, పల్లెలో అమ్మ. నిర్మలప్రభ తన గ్రంథమున మాతృదేవత యను భావమును ఆదినుండి పరిశీలించెను. "శివ" అను మరియొక గ్రంథమున శివుని గూర్చియు ఇట్టి పరిశీలనమే చేసెను. సంస్కృత పురాణములు ఒక వంకను, ముసలమ్మల పాటలు ఒక వంకను ఉంచి, రెంటిని సాక్ష్యములుగనే గ్రహించుట ఈ రీతి పరిశోధనకు ప్రాణము. పోచమ్మను, మారెమ్మను, గంగమ్మను కొలుచు ఊళ్ళవారికి ఇందు వింత యేమియు కనబడదు. వింత యేమన్నచో, ఇంతకాలము పండితులు అటువైపు చూడకపోవుటయే.

1991లో ఆమె అస్సాము సాహిత్య సభకు అధ్యక్షురాలయ్యెను. 1917లో పుట్టిన ఆ సభకు అంతకుముందు అధ్యక్షత వహించిన స్త్రీ నళినీబాలా దేవి. ఆమె కాలము 1950 ప్రాంతపు దశకము. ఒక స్త్రీకిని మరియొక స్త్రీకిని నడుమ మూడు దశాబ్దములకు మించి గడచెను! అస్సాములో సాహిత్య సభ పండితుల కూటమి మాత్రమే కాదు. సభ జరుగు ఊరికి లక్షలాది జనము తీర్థమునకు పోయినట్లు పోవుదురు. అధ్యక్షుని మాట రాజకీయ నాయకుని మాటతో సమానముగా వినబడును. పైగా అవి మంచిరోజులు కావు. 1979లో మొదలైన విదేశీయుల సమస్యోద్యమము 1985 ఆగస్టు ఒడంబడికతో ముగిసినను శాంతి నెలకొనలేదు. 1990 నవంబరులో రాష్ట్రపతి పాలన వచ్చెను. సాయుధ తిరుగుబాటుదారులమీదికి సైన్యము కదలెను. పల్లెలు భయముతో తలుపులు మూసికొను కాలమున, పల్లెల పాటలను ప్రాణముగా చూచిన మనిషి ఆ పీఠముపై కూర్చుండెను. భాషాభిమానము ఎంతవరకు ప్రేమయో, ఎచ్చట ద్వేషముగా మారునో ఆ దినములలో అస్సామీయులందరును ఎదుర్కొన్న ప్రశ్న. జానపద వాఙ్మయము దీని కొక జవాబు దాచియున్నది. బిహు ఏ యొక్క జాతి సొత్తు కాదు. ఆహోములు, బోడోలు, మిషింగులు, దేవరులు, కైస్తులు, బ్రాహ్మణులు ఎవరి బిహును వారు తమ తీరున చేసికొందురు. తేయాకు తోటలలో ఝుమురు పాడువారి పూర్వులు ఛోటానాగపురమునుండి, ఒరిస్సానుండి, గంజాము విశాఖపట్టణము జిల్లాలనుండి పందొమ్మిదవ శతాబ్దమున కూలికి పోయినవారు. వారిలో తెలుగువారును కలరు.

తెలుగునాట ఇట్టి జీవితమునకు సాటి రాగలది నాయని కృష్ణకుమారిగారిది. ఆమె 1930లో జన్మించి 2016లో దివంగతురాలయ్యెను. ఆమెయు కవయిత్రి; ఆమెయు విశ్వవిద్యాలయాచార్యురాలు; తెలుగు జానపద గేయగాథలపై పరిశోధన గావించి, తెలుగు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షురాలైనది. ఆమెకు ముందు బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయములపై తొలి బాటను వేసియుండిరి. అయినను ఒక భేదము కలదు. కృష్ణకుమారిగారికి తండ్రి నాయని సుబ్బారావుగారి యింట కవిత్వము పుట్టుకతోనే లభించెను. నిర్మలప్రభ చదువును వివాహపు గడపనుండి వెనుకకు వచ్చి తెచ్చుకొనవలసివచ్చెను. వేయి క్రోసుల దూరమున ఇద్దరు స్త్రీలు, మూడేండ్ల ఎడముతో పుట్టి, తమ తమ అవ్వల పాటలను మూటగట్టు పనికే పూనుకొనుట గమనింపదగినది.

నిర్మలప్రభా బర్దొలై 2004వ సంవత్సరము జూన్ నెలలో కన్నుమూసెను. అప్పటికి ఆమెకు డెబ్బదియొకటవ యేడు నిండవచ్చుచుండెను. ఆ తరువాత బిహు చాల దూరము పోయినది. 2023 ఏప్రిలు నెలలో గౌహతి క్రీడారంగమున పదునొకండువేలకు మించిన కళాకారులు ఒక్కమారుగా బిహు ఆడి ప్రపంచ రికార్డు స్థాపించిరి. ఒకప్పుడు మర్యాదస్థులు చెవులు మూసికొన్న పాటయే ఇది. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము అస్సామీకి ప్రాచీన భాష యను గౌరవమిచ్చెను. తెలుగునకు ఆ గౌరవము 2008లో దక్కియుండెను. ఒకనాడు భాషయే కాదనిపించుకొన్నది ప్రాచీన భాషయై కూర్చుండెను.

ఆయినాములు మాత్రము ఏ క్రీడారంగమునకును పోలేదు. మశూచికము లేకపోయినను, కొన్ని ఊళ్ళలో స్త్రీలు నేటికిని పిల్లల క్షేమమునకై కూడి, అరటియాకుపై నైవేద్యము పెట్టి, తల్లిని పిలుచుచు వానిని పాడుచునే యున్నారు. పాడువారు లేని ఊళ్ళలో అవి పుస్తకములలో నున్నవి.